బండి కదల్లేదు

4 మే 2025, ఆదివారం

ఈ పుస్తకం నాది కాదు. బండిది.

ఆర్మీలో ప్రతి బండికీ ఒక డైరీ ఉంటుందని మా బావ సీతారామరావు చెప్పేవాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎవరు నడిపారు, అన్నీ రాయాలట. అందుకే సాక్చీ బజారులో ఒక పొడుగు నోటుబుక్కు కొని, స్కూలు పిల్లల్లా బ్రౌన్ అట్ట వేసి, నా షెడ్డులో ఉన్న జోంగా అనే పాత ఆర్మీ జీపు స్టీరింగ్‌కు దారంతో వేలాడదీశాడు. ఎనిమిదేళ్లు రాశాడు. ప్రతి ఆదివారం ఒకటే లైను.

బండి కదల్లేదు. 0 కి.మీ.

ఫిబ్రవరి 9 దాకా ఉంది. 12న పోయాడు. తర్వాత పేజీలు ఖాళీ.

నేను ఏడో క్లాసులో బడి మానేసినవాణ్ణి. పేరు అప్పలరాజు, పని డెంటింగ్, పెయింటింగ్. రాతపని మనది కాదు. కానీ ఆదివారం గమ్హరియా వచ్చి షెడ్డు తాళం తీశాక ఏం చెయ్యాలో తెలియడం లేదు. అలవాటుకి రెండు టీలు చెప్పాను. రెండూ నేనే తాగాను.

బండి కదల్లేదు.

7 మే, బుధవారం

టార్పాలిన్ చిరిగింది. శివశంకర్ డ్రైవర్ సీటు పక్కన ఫ్లోరు మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు కిందకి దిగిపోయింది. తుప్పు. పదిహేనేళ్లుగా నా దగ్గర వెల్డింగు చేస్తున్నవాడు, ఊరికే మాట్లాడడు. అన్నా, ఇంకో వానాకాలం ఆగదిది, సేత్తే ఇప్పుడే ఏదోటి సెయ్యాల, నేదంటే తుక్కు కింద కాటాకి ఎయ్యాల అన్నాడు.

ఏదోటి అంటే రెండే.

ఒకటి, జయప్రకాష్. చాండిల్ డ్యామ్ దగ్గర రిసార్టు నడుపుతాడు. బండిని మాడిఫై చేసి తనకి ఇచ్చేయమంటున్నాడు. లిఫ్ట్ కిట్, ఇంత లావు టైర్లు, డీజిల్ ఇంజను, ఎల్ఈడీ బార్, నారింజ రంగు. గెస్టులు ఫొటోలు దిగుతారట.

రెండు, సౌజన్య. మా మేనకోడలు, బావ కూతురు, స్కూల్లో టీచరు. ఒక్క బోల్టు కూడా మార్చకుండా పాతది పాతట్టే చెయ్యమంటుంది. మేం తెలుగులో అడిగితే అది హిందీలో చెప్తుంది. మామా, పాపా కీ గాడీ హై, వైసే హీ రహ్‌నే దో అంది, నాన్న బండి, అలాగే ఉండనీ అని.

చూస్తాను అన్నాను. రెండు వారాల నుంచి ఇద్దరికీ అదే చెప్తున్నాను.

10 మే, శనివారం

పాతట్టే చేస్తే ఆర్మీ పచ్చ వెయ్యాలి. సివిల్ బండికి ఆ రంగు వేసి రోడ్డెక్కకూడదు, రూలు. అంటే షెడ్డులోనే నిలబెట్టి చూసుకోవాలి.

మాడిఫై చేస్తే నడుస్తుంది. కానీ అది వేరే బండి.

11 మే, ఆదివారం. పొద్దున్న పదకొండు.

బావ గడ్డం గీసుకుంటుంటే పోయాడు. ఎడమ బుగ్గ అయింది, కుడి బుగ్గ మీద నురగ అలాగే ఉంది. నేను వెళ్లేసరికి ఎండిపోయింది. అక్క పక్కనే కూర్చుంది. ఏడవడం లేదు. సగం గడ్డంతో పంపిత్తామేట్రా అంది.

నేనే గీశాను. కార్ల మీద లప్పం గీకే చెయ్యి, ఎక్కడా తెగలేదు. గీస్తున్నంతసేపూ కళ్లు తెరుస్తాడనే చూశాను. లెక్క ప్రకారం ఏడిపించే వంతు ఆయనది.

మాలో బావని ఏడిపించడం బావమరిది డ్యూటీ. అక్క పెళ్లిలో పెళ్లికొడుకు బూట్లు ఆటో కింద కట్టేశాను. పసుపు కాళ్లతో, వట్టి పాదాలతో ఊరేగాడు. మూడో రోజు నాకు లడ్డూ పెట్టాడు. లోపల గోలీ ఉంది. పన్ను మూల విరిగింది, ఇప్పటికీ నాలుక తగులుతుంది. ఏదీ ఉంచుకునే మనిషి కాదు. ఇస్తే తిరిగి ఇస్తాడు.

ఒక్కదానికే ఇవ్వలేదు.

13 మే

పైడమ్మ ఇవాళ, ఏటి, ఈ మధ్య నా సెప్పులు ఇప్పిన కాడే ఉంటన్నాయి అంది. పెళ్లాం చెప్పులు దాచి ఏడిపించడం నా అలవాటు, ఫిబ్రవరి నుంచి మానేశాను.

18 మే, ఆదివారం

రాసేస్తాను. చదివేవాళ్లు ఎవరూ లేరు.

2017లో పానాగఢ్ ఆర్మీ స్క్రాపులో ఈ జోంగా తెచ్చాను. బాగుచేసి అమ్మేద్దామని. బావ ఆర్మీలో జోంగా నడిపినవాడు. రిటైరై టెల్కో కాలనీలో ఉన్నా, రెండు పెగ్గులు పడితే పాత బండి కథ మొదలు. నంబరు చివర 362. తీన్ ఛే దో అనేవాడు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. తీన్ ఛే దో మంచులో స్టార్టయింది. తీన్ ఛే దో కల్నల్ గారిని కాపాడింది. విని విని మాకు చెవులు తూట్లు పడ్డాయి.

నేనేం చేశానంటే, తెచ్చిన బండి బానెట్ మీద నంబరు రుద్దేశాను. పాత క్యాలెండరు అట్ట కోసి స్టెన్సిల్ చేశాను. ముందు ఆర్మీ బండ్లన్నిటికీ ఉండే, పైకి చూసే బాణం గుర్తు, తర్వాత బావ నంబరు. తెల్ల పెయింటు కొట్టి, వాటర్ పేపరుతో అరగదీసి, టీ డికాషన్ తుడిచాను. నలభై ఏళ్ల నంబరులా వచ్చింది. అప్పుడు గొంతు మార్చి బావకి ఫోన్ చేశాను. రికార్డ్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం హవల్దార్ సాబ్, మీ పాత గాడీ గమ్హరియాలో ఒక కబాడీ దగ్గర దొరికింది, వెళ్లి మీదో కాదో పహచాన్ చెయ్యండి అన్నాను. జీ సాబ్ అన్నాడు.

మధ్యాహ్నం, ఆ కబాడీ ఎవరో నన్నడగడానికి షెడ్డుకి వచ్చాడు. బానెట్ చూశాడు. ఎక్కి కూర్చున్నాడు. తల స్టీరింగ్ మీద పెట్టేశాడు. భుజాలు కదులుతున్నాయి.

నేను నవ్వడానికి నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రానికి ఆయన రేడియేటర్ విప్పుతున్నాడు. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. వచ్చే ఆదివారానికి ఈ పుస్తకం తెచ్చి కట్టాడు.

బండి అమ్మలేదు. పూర్తి కూడా చెయ్యనివ్వలేదు. పూర్తయితే పేపర్లు కావాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి చాసిస్ నంబరు చూస్తాడు, ఆర్మీ రికార్డు అడుగుతాడు, అబద్ధం బయటపడుతుంది. అందుకని కార్బురేటర్ కిట్టు జబల్‌పూర్ నుంచి రావాలి బావా అనేవాణ్ణి. వచ్చాక మాస్టర్ సిలిండరు. అది అయ్యాక గేర్‌బాక్సు. ఎనిమిదేళ్లు.

ఒక్కసారి కూడా నడపలేదు ఆయన.

21 మే, బుధవారం

సౌజన్య స్కూలు అవగానే వచ్చింది. ఫోనుతో బండిని నాలుగు వైపులా ఫొటోలు తీసింది. నంబరు మాత్రం పక్కాగా రావాలి మామా, పాపా కా నంబర్ హై అంది. అని నా మొహం కేసి చూసింది. కాసేపు చూసింది.

చెప్పాల్సింది. చెప్పలేదు. ఆటో ఎక్కించి పంపాను.

22 మే

పాతట్టే చెయ్యాలంటే ఏ పాతట్టు? అసలు నంబరు ఏమిటో నాకు గుర్తులేదు. రుద్దేసింది నేనే. ఈ బండి ఎవరు నడిపారో, ఎక్కడ తిరిగిందో, పేరేమిటో ఎవడికీ తెలియదు.

25 మే, ఆదివారం. మధ్యాహ్నం.

అక్క ఇంటికి వెళ్లాను, చెప్పేద్దామని. ఎండు నెత్తళ్లు, వంకాయ కూర. బాగుందేట్రా అంది. బాగుంది అన్నాను. రుచి తెలియలేదు.

బావ బట్టలు మడిచి పెడుతోంది. పాకెట్టులో డ్రైవింగ్ లైసెన్సు దొరికింది. జనవరిలో రెన్యువల్ చేయించాడట. ఈ వయసులో ఎందుకురా లైను కట్టడం అంటే ఇన్నాడు కాదు, ఎండలో రెండు పూట్లు నిలబడ్డాడు అంది.

లైసెన్సు మీద ఫొటో కొత్తది. రెండు బుగ్గలూ నున్నగా ఉన్నాయి.

చెప్పకుండా వచ్చేశాను. మాంగో బ్రిడ్జి మీద జామ్. గంట నిలబడ్డాను. అసలు నేను వెళ్లాల్సిన తోవే కాదది, ఎందుకెళ్లానో తెలియదు.

28 మే, బుధవారం

జయప్రకాష్ టేపు పట్టుకుని వచ్చాడు. మనిషి మంచివాడే. ఉస్తాద్, ఏక్‌దమ్ షేర్ లగేగా అంటున్నాడు, సింహంలా చేస్తాడట. జేబులోంచి సుద్దముక్క తీసి బండి మీద కొయ్యాల్సిన చోటల్లా గీతలు గీశాడు. విండ్‌షీల్డ్ ఫ్రేము ఇక్కడికి. వెనక బాడీ ఇక్కడికి. బానెట్ మీద గాలి స్కూపు కోసం ఒక గుండ్రం.

గుండ్రం సరిగ్గా నంబరు మీద పడింది.

ఆ ముక్క కోసి తీసేస్తే అబద్ధం పోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

సరే అన్నాను.

హాయిగా ఉండాలి. ఏమీ లేదు. జయప్రకాష్ చెయ్యి కలిపాడు. చెయ్యి కలిపినట్టు కూడా తెలియలేదు.

30 మే, శుక్రవారం

శివశంకర్ గ్రైండరుకు కొత్త వీలు బిగించాడు. అద్దాలు పెట్టుకున్నాడు. బానెట్ నుంచి మొదలెడతాను అన్నాడు. మొదలెట్టు అన్నాను. స్విచ్ వేశాడు. చెవులు చిల్లులు పడే మోత.

ఆగు అన్నాను. మోతలో వినపడలేదు. వెళ్లి ప్లగ్గు పీకేశాను.

అన్నా, ఏటయినాది అన్నాడు. అక్కకి ఒక మాట చెప్పాలి అన్నాను. మరి మూడు నెలల్నుంచి ఏటి సేత్తన్నావు అన్నాడు. టీ చెప్పాను.

బానెట్ మీద ఒక గీత పడింది. వేలెడు. సుద్ద గుండ్రానికి అంచున. లోపల ఇనుము తెల్లగా మెరుస్తోంది.

1 జూన్, ఆదివారం. సాయంత్రం ఆరు.

చెప్పేశాను.

అక్క వరండాలో బీరకాయ చెక్కుతోంది. సౌజన్య పక్కన ఆన్సర్ పేపర్లు దిద్దుకుంటోంది. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. బండి బావది కాదని, నంబరు నేను కొట్టిందని, ఫోన్ నేను చేసిందని, ఆయన ఏడుస్తుంటే నోరు రాలేదని. పార్టులు రాలేదన్నవన్నీ అబద్ధాలని. అన్నీ.

అక్క బీరకాయ పక్కన పెట్టింది. సౌజన్య ఎర్ర పెన్ను మూత పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను.

నవ్వుతోంది. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. సౌజన్య నీళ్లు తెచ్చింది, అదీ నవ్వుతోంది.

ఒరే ఎర్రిబాగులోడా, మీ బావ ఏడిసాడనుకున్నావేట్రా అంది. నవ్వాపుకోనేక తల దించీసినాడురా. ఇంటికొచ్చి సెప్పులిప్పకముందే మొదలెట్టినాడు. నీ తమ్ముడు బాణం తిన్నగా కొట్టీసినాడే, గీటు పెట్టినట్టు కొట్టీసినాడు అని.

బావ అసలు బండికి బాణం వంకరట. కొట్టింది బావే. చలికి చెయ్యి వణికి వంకరపోయిందట. కల్నల్ గారు తిట్టినా మార్చలేదట. ఆ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు, పరువు తక్కువని.

నాకు పెయింటు పని బాగా వచ్చు. అక్కడే దొరికిపోయాను. మొదటి నిమిషంలోనే.

ఆ ఫోను సంగతి కూడా అడిగాను. నీ గొంతు మీ బావకి తెల్దా, జీ సాబ్ అంటంటేనే కన్ను కొట్టినాడు నాకేసి అంది.

ఎనిమిదేళ్లుగా ఆదివారం రాత్రి అన్నాలప్పుడు ఇంట్లో ఇదే కబురట. ఇవాళ రాజుగాడు సెప్పబోయి మింగీసినాడే. ఇవాళ కార్బురేటరన్నాడే. ఇవాళ గేరుబాక్సన్నాడే. సౌజన్య బావ గొంతు పెట్టి నా మొహం ఎలా ఉంటుందో చేసి చూపించింది. అచ్చం నేనే. మొన్న నంబరు పక్కాగా రావాలని నా కేసి చూసింది కూడా అందుకేనట. ఆజ్ భీ నహీఁ బోలే మామా అని ఇంటికొచ్చి అమ్మకి చెప్పిందట. ఇవాళ కూడా చెప్పలేదని.

మరి తెలిసి ఎందుకు ఊరుకున్నాడు అన్నాను.

అక్క బీరకాయ మళ్లీ తీసుకుంది. ఆడు సెప్పీసిన రోజు నడుపుతానన్నాడురా అంది. నువ్వు సెప్తావని సూసినాడు. లైసెన్సు కూడా అందుకే సేయించినాడు. ఈ సంకురాత్రి పోయాక సెప్పీలాగున్నాడే, మొకం అలగే ఉన్నాది అన్నాడు.

తిట్టినట్టు అనలేదు. తొక్కు చెక్కుతూ అంది.

అదే రోజు. రాత్రి భోజనం కాకముందు.

అక్క ఇంకో మాట అంది. వెళ్లేటప్పుడు గుమ్మంలో. ఆ పుస్తకం అట్ట ఇప్పి సూడు.

ఈ పుస్తకం. నెల నుంచి ఇందులోనే రాస్తున్నాను.

బ్రౌన్ అట్ట విప్పాను. లోపల రెండు కాగితం ముక్కలు, పిన్ను పెట్టి ఉన్నాయి. పెన్సిల్ ప్రింట్లు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దితే, చెక్కిన అంకెలు తెల్లగా పైకి వస్తాయి. బండి పేపర్లకి మేం రోజూ తీసేదే.

ఒక ముక్క పసుపు రంగుకు తిరిగిపోయింది. కింద బావ రాత. నా బండి. 1989.

రెండోది కొంచెం తెల్లగా ఉంది. నంబరు వేరు. కింద అదే రాత. అప్పలరాజు బండి. 2017.

నేను టీకి వెళ్లిన పావుగంటలో తీసి ఉంటాడు. ఆర్మీ మనిషి కదా, కళ్లతో చూసినా ప్రింటు తియ్యకుండా నమ్మడు.

తర్వాత ఎనిమిదేళ్లు ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. ఆయన నేను చెప్తానని ఆగాడు. నేను చెప్పకూడదని ఆగాను.

2 జూన్

లడ్డూలో గోలీ.

5 జూన్, గురువారం

జయప్రకాష్‌కి ఫోన్ చేసి కుదరదన్నాను. ఎందుకు ఉస్తాద్, చెయ్యి కలిపాం కదా అన్నాడు. డ్రైవర్ సీటు ఖాళీ లేదు అన్నాను. ఎవరికి ఇచ్చావు అన్నాడు. ఆర్మీవాళ్లు వెనక్కి తీసుకుంటున్నారు, రికార్డ్స్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది అన్నాను. అరె బాప్ రే అన్నాడు. నమ్మేశాడు. సుద్ద గీతలు తుడిచేయమన్నాడు, తన పేరు రాకుండా.

నవ్వు రాలేదు. కానీ నోటికి అబద్ధం దానంతట అదే వచ్చింది.

అక్కనీ సౌజన్యనీ షెడ్డుకు పిలిచాను. సౌజన్య పచ్చ రంగే అంది. అక్క బండి చుట్టూ ఒకసారి తిరిగింది. నిలబెట్టి దండెయ్యడానికేట్రా, నడవాల అంది. నడవాలంటే పచ్చ కుదరదు అన్నాను. అయితే ఏ రంగో ఒకటి కొట్టు, సిమెంటు రంగు కొట్టు, మా గోడలకి మిగిలింది ఉన్నాది అంది. శివశంకర్ నవ్వాడు. అది కార్లకి వెయ్యరమ్మా అన్నాడు. అలాంటి రంగే కలుపుతానన్నాను.

కొయ్యడం లేదు. ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను అదే ఉంటుంది, ఎంత తాగినా. ఫ్లోరు ఒక్కటే కొత్త రేకు.

మరి నంబరు అని శివశంకర్ అడిగాడు. అక్కే, దాన్ని ముట్టుకోకు అంది.

సౌజన్య బాణం వంకర చేద్దామా మామా, పాపా వాలా అంది. వద్దన్నాను. అది నేను కొట్టిన బాణం.

8 జూన్, ఆదివారం

జబల్‌పూర్ నుంచి రావాల్సిన కార్బురేటర్ కిట్టు నా బీరువాలోనే ఉంది. 2018 నుంచి. బిగించాను. నాలుగో సెల్ఫ్‌కి ఇంజను అందుకుంది. శివశంకర్ చప్పట్లు కొట్టాడు. షెడ్డంతా పొగ. నేను డ్రైవర్ సీట్లో కూర్చోలేదు, పక్క సీట్లోంచి చెయ్యి చాపి తాళం తిప్పాను.

10 జూన్

పైడమ్మ చెప్పు ఒకటి ఫ్రిజ్ మీద పెట్టాను. వెతకలేదు. ఇంకో జత వేసుకుని బజారుకు పోయింది.

12 జూన్, గురువారం

నంబరు చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, కాగితం కప్పి, మిగతాదంతా కొట్టాను. రెండు కోట్లు. గ్రైండరు గీత దగ్గర లప్పం పెట్టి రుద్దాను, చేత్తో తడిమితే తెలియదు. టేపు తీశాను. బూడిద రంగు మధ్య పచ్చ ముక్క, దాని మీద తెల్ల అంకెలు.

సాయంత్రం అక్క వచ్చి చూసింది. మాసిక ఏసినట్టున్నాది అంది. బాగుందా అన్నాను. నీ మొకంలాగున్నాది అంది.

15 జూన్, ఆదివారం

షెడ్డు నుంచి టెల్కో కాలనీ. బావ లైసెన్సు డాష్‌బోర్డు మీద పెట్టి, బండికి ఇంకా పేపర్లు లేకపోయినా, నేనే నడిపాను. కిలోమీటర్ల మీటరు పనిచెయ్యడం లేదు. ఎన్నో తెలియదు.

అక్క ఇంటి ముందు ఇంజను ఆపాక, చినుకులు మొదలయ్యేలోపు, బానెట్ మీది నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాను. చెక్కింది కాదు, పెయింటు కదా. ఏమీ పడలేదు. మొత్తం నల్లగా వచ్చింది. కింద తారీకు వేసి, బావ తీసిన రెండు ప్రింట్లతో, మూడూ కలిపి పిన్ను పెట్టాను.